పదిహేను కిలోల ప్రయాణం

చౌక విమానయానం గురించి తెలుగులో మాట్లాడబోతే మొదట ఆ మాట దగ్గరే ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పేరు ‘లో-కాస్ట్ ఎయిర్‌లైన్’. అందులోని ‘కాస్ట్’ విమాన సంస్థ పెట్టే ఖర్చే గాని ప్రయాణికుడు చెల్లించే ధర కాదు. ఆ పేరు తెలుగులోకి వచ్చేసరికి ‘చౌక’ అయింది. చౌక అనగానే కొనేవాడి వైపు నుంచి చూడడం తెలుగువారికి అలవాటు కనుక, సంస్థ తన ఖర్చు తగ్గించుకున్నదన్న అసలు సంగతి వెనక్కి పోయి, ప్రయాణికుడికి డబ్బు మిగిలిందన్న సంగతి ఒక్కటే ముందుకు వచ్చింది. సంస్థ వదిలించుకున్న ఖర్చులో కొంత నిజంగానే మాయమవుతుంది, కొంత టికెట్టు తగ్గింపుగా ప్రయాణికుడికి అందుతుంది, మిగిలిన కొంత మాత్రం పని రూపంలోనూ లెక్కల రూపంలోనూ ప్రయాణికుడి నెత్తినే వచ్చి పడుతుంది. ఈ ప్రసంగం ముఖ్యంగా ఆ మూడో వాటాను గురించినది.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1971లో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాల మధ్య బోయింగ్ 737 విమానాలతో సౌత్‌వెస్ట్ అనే చిన్న సంస్థ రాకపోకలు ప్రారంభించింది. మరుసటి ఏడాదే డబ్బుకు కటకటపడి, ఉన్న నాలుగు విమానాల్లో ఒకదాన్ని అమ్ముకోవలసి వచ్చింది. నాలుగు విమానాల పనిని మూడింటితో నెట్టుకురావాలంటే, దిగిన విమానాన్ని 10 నిమిషాల్లో మళ్ళీ బయలుదేరదీయడం తప్ప మరో దారి లేకపోయింది. విమానం వచ్చి ఆగిన క్షణం నుంచి తిరిగి కదిలే దాకా పట్టే ఈ వ్యవధిని విమానరంగంలో ‘టర్న్‌అరౌండ్’ అంటారు. నేల మీద నిలబడ్డ విమానం అద్దెలు, వడ్డీలు తింటుందే గాని పైసా సంపాదించదన్న చిన్న సూత్రం మీదే ఆ తరువాతి కథంతా నడిచింది. ఒకే రకం విమానాలు వాడితే పైలట్ల శిక్షణకూ విడిభాగాల నిల్వకూ ఖర్చు తగ్గుతుందని, భోజనం పెట్టకపోతే వంటశాలతో పాటు శుభ్రం చేసే సమయం కూడా మిగులుతుందని ఆ సంస్థ చూపించింది. 1978లో అమెరికా ప్రభుత్వం విమాన ఛార్జీలపై అదుపును సడలించే చట్టం చేయడం, ఐరోపాలో ర్యాన్‌ఎయిర్, ఈజీజెట్, ఆసియాలో ఎయిర్ ఏషియా ఇదే బాట పట్టడం తరువాతి ఘట్టాలు.

భారతదేశంలో 1953 నాటి చట్టం విమానయానాన్ని ప్రభుత్వ సంస్థల చేతికి అప్పగించగా, 1994లో ఆ చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. అయినా మరో దశాబ్దం దాకా విమానం పైవారు టికెట్టు కొనిపెట్టే ఉద్యోగుల వాహనంగానే మిగిలిపోయింది. సైన్యం నుంచి ఎప్పుడో విరమించుకున్న కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఎయిర్ డెక్కన్ స్థాపించి, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన ‘కామన్ మ్యాన్’ను తన సంస్థకు చిహ్నంగా పెట్టుకోవడం వ్యాపార ప్రకటన మాత్రమే కాదు, ఎవరిని విమానం ఎక్కించదలచుకున్నాడో చెప్పడం కూడా. ఆ సంస్థ కథలో తెలుగు నేలకూ ఒక పేజీ ఉంది: 2003 సెప్టెంబరులో ప్రముఖులను ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడకు బయలుదేరవలసిన ప్రారంభ విమానం ఇంజన్‌లో మంటలు లేచి ఆ ప్రయాణం నేల మీదే ఆగిపోయింది. ఆ దెబ్బకు మూతపడుతుందనుకున్న సంస్థ నిలదొక్కుకుని, ఒక్క రూపాయి టికెట్టు అనే మాటను దేశమంతటా నలుగురి నోళ్ళలో నానేలా చేసి, చివరకు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. 2012లో కింగ్‌ఫిషర్ కూడా ఎగరడం మానేసింది. గోపీనాథ్ ఆత్మకథ ఆధారంగా సుధ కొంగర తీసిన తమిళ చిత్రం 2020లో ‘ఆకాశం నీ హద్దురా’ పేరుతో తెలుగు ప్రేక్షకుల ఇళ్ళకు వచ్చింది గాని, సినిమాకు చాలినంత నాటకీయత లేని అసలు విజయం 2005, 2006 సంవత్సరాల్లో పుట్టిన స్పైస్‌జెట్, ఇండిగో వంటి సంస్థలది. అది నిమిషాలు లెక్కపెట్టుకునే విజయం.

ఆ నిమిషాల లెక్క ఒకసారి వేసి చూడడం మంచిది. రోజుకు ఆరు సార్లు దిగి మళ్ళీ ఎగిరే విమానం ఒక్కొక్క మజిలీలో 20 నిమిషాలు ఆదా చేస్తే రోజు మొత్తం మీద రెండు గంటలు మిగులుతాయి; హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గంటకు కాస్త ఎక్కువ పడుతుంది కనుక, ఆ రెండు గంటల్లో అదే విమానం, అదే అద్దె మీద, మరో 180 మందిని గమ్యం చేర్చగలదు. బిజినెస్ తరగతి ఉన్న సంస్థ సుమారు 150 సీట్లు అమర్చే ఎయిర్‌బస్ ఎ320లో, ఒకే తరగతి ఉన్న చౌక సంస్థ 180కి పైగా అమరుస్తుంది. భారతీయ విమాన సంస్థల వ్యయంలో దాదాపు 40 శాతం ఇంధనానిదే. ఆ ఇంధనం 150 మందిని మోసినా 180 మందిని మోసినా పెద్ద తేడా లేకుండా ఖర్చవుతుంది కనుక తలకు పడే భారం తగ్గుతుంది. విమానం ఆగీ ఆగకముందే గగనసఖులు చేతులకు తొడుగులు వేసుకుని, సంచి పట్టుకుని, ప్రయాణికుల చేతి నుంచే చెత్త అందుకుంటూ నడవడం మర్యాదలో భాగంగా కనిపించవచ్చు; అది నిజానికి టర్న్‌అరౌండులో కొన్ని నిమిషాలను కోసివేసే పని. చౌక విమానంలో మొదటి ఉద్యోగి ప్రయాణికుడే అన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు.

ఆ ఉద్యోగం టికెట్టు కొనే క్షణంలోనే మొదలవుతుంది. బియ్యం కొట్టులో ఒక రకం బస్తాలన్నిటికీ ఒకే ధర ఉంటుంది, విమానంలో మాత్రం పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టికెట్టు ధరల మధ్య రెండింతల తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. సంస్థలు సీట్లను ధరల అరలుగా విభజించి, కింది అర ఖాళీ కాగానే పై అరను తెరుస్తాయి. గిరాకీని బట్టి ఏ అరలో ఎన్ని సీట్లు ఉంచాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. రాబడి నిర్వహణ అని పిలవదగిన ఈ విద్యను 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే పెద్ద సంస్థ, పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చౌక సంస్థను ఎదుర్కోవడానికి ప్రయోగించింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ చౌక సంస్థ మరొకరిలో కలిసిపోయింది. చౌక సంస్థలను చంపడానికి ఎత్తిన కత్తే తరువాత చౌక సంస్థల ప్రధాన ఆయుధం కావడం ఈ చరిత్రలో ఒక విడ్డూరం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకో, రాజమండ్రికో వెళ్ళే కుటుంబం ప్రైవేటు బస్సుల పండుగ ధరలు చూసి మండిపడుతుంది గాని, విమానం టికెట్టు అంతకంత పెరిగినప్పుడు అది మార్కెట్టు స్వభావమని సరిపెట్టుకుంటుంది. రెండింటిలోనూ పనిచేస్తున్నది ఒకటే సూత్రం.

ధర తెర మీద ఒక రూపంలో కనిపించి, డబ్బు చెల్లించే పేజీకి చేరేసరికి మరో రూపం ధరించడం ప్రయాణికులందరికీ అనుభవంలో ఉన్నదే. మూల ఛార్జీకి ఇంధన రుసుము, దేశీయ ప్రయాణంలో 2021 నుంచి 200 రూపాయలుగా ఉన్న భద్రతా రుసుము, విమానాశ్రయాన్ని కట్టి నడుపుతున్నవారికి చెందే వినియోగదారుల అభివృద్ధి రుసుము, జీఎస్టీ చేరతాయి. వీటిలో అన్నీ విమాన సంస్థ జేబులోకి పోవు కనుక ఆ నిందంతా సంస్థ మీద వేయడం న్యాయం కాదు. ఆ తరువాత వచ్చేవి మాత్రం పూర్తిగా సంస్థవే: కిటికీ పక్క సీటుకు ఒక ధర, ముందు వరుసకు ఒక ధర, త్వరగా ఎక్కడానికి ఒక ధర, భోజనానికి ఒక ధర. టికెట్టు కాక మిగిలినవాటి నుంచి వచ్చే ఈ ఆదాయాన్ని అనుబంధ ఆదాయం అంటారు. ర్యాన్‌ఎయిర్ అధిపతి మైకేల్ ఓలియరీ 2009లో విమానంలోని మరుగుదొడ్డికి కూడా నాణెం వసూలు చేసే ఆలోచన బయటపెట్టాడు. అది ఎన్నడూ అమలు కాలేదు గాని, ఆ వార్త విన్నవారిలో చాలామంది దాన్ని నమ్మారన్నదే గమనించవలసిన విషయం. సీటు ఎంపికకు డబ్బు కట్టని కుటుంబంలో తల్లి ఒక చోట, ఎనిమిదేళ్ళ పిల్ల మరో చోట కూర్చోవలసి వచ్చే పరిస్థితి ఎంత సాధారణమైపోయిందంటే, 12 ఏళ్ళలోపు పిల్లలకు అదే టికెట్టు మీద ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, 2024లో ప్రత్యేకంగా ఆదేశించవలసి వచ్చింది.

చౌక ప్రయాణం అసలు స్వరూపం బయటపడే చోటు లగేజీ కౌంటరు. దేశీయ ప్రయాణంలో విమానం పొట్టలోకి పంపే సామానుకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు సాధారణ పరిమితి. 2021 నుంచి అసలు లగేజీ పంపనివారికి ఇంకా తక్కువ ధరకు టికెట్టు అమ్మే వీలు కూడా సంస్థలకు కలిగింది. పరిమితి దాటితే ప్రతి కిలోకు వందల రూపాయలు చెల్లించాలి కనుక, ఆవకాయ జాడీలో ఉన్న ఆవకాయ కన్నా ఆ జాడీని విశాఖ నుంచి ఢిల్లీకి మోయించే కూలి ఎక్కువైపోయే సందర్భాలు కొల్లలు. అందువల్ల తెలుగు ఇళ్ళలో ప్రయాణం ముందు రాత్రి ఒక కొత్త తంతు పుట్టింది. కొక్కెం ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ తూకానికి పెట్టెను తగిలించి ఒకరు రెండు చేతులా పైకెత్తుతారు, మరొకరు వంగి అంకె చదువుతారు. 14.6 వస్తే సున్నుండల పొట్లం లోపలికి వెళుతుంది. 15.4 వస్తే కందిపొడి సీసా బయటికి వస్తుంది, ఏది తీయాలన్న దాని మీద అమ్మకూ కొడుక్కూ చిన్న వాదన జరుగుతుంది.

ఇంటి తూకానికీ కౌంటరు తూకానికీ కుదరని రోజున పరిస్థితి మరోలా ఉంటుంది. వెనుక వరుస పెరుగుతుండగా పెట్టె జిప్పు తీసి, మడత చెదరని పట్టుచీరల మధ్య నుంచి బరువైన వస్తువులు వెతికి చేతి సంచిలోకి మార్చడం, అక్కడా పట్టకపోతే కోటు మీద కోటు తొడుక్కోవడం ఏ విమానాశ్రయంలోనైనా కనిపించే దృశ్యమే. చేతి సంచిలోకి మారిన వస్తువు భద్రతా తనిఖీలో మళ్ళీ దొరికిపోవచ్చు. నూనె తేలే పచ్చడిని ద్రవపదార్థంగా చూసి పక్కన పెట్టే అధికారం తనిఖీ సిబ్బందికి ఉంది. ఫోను ఛార్జి చేసే పవర్ బ్యాంకు పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఎండు కొబ్బరి విషయం ఇంకా విచిత్రం: నూనె ఎక్కువగా ఉండి, తనంత తానే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్న సరుకుల జాబితాలో అది చేరింది కనుక ప్రయాణికుడి పెట్టెలో దానికి చోటు లేదు. తద్దినానికో నోముకో కావలసిన కురిడీ కొబ్బరికాయ ప్రమాదకర వస్తువు అవుతుందని ఏ గృహిణి ఊహించగలదు?

ఈ కౌంటరు ముందు అందరూ సమానులు కారు. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లోని కడప జిల్లా, కోనసీమల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళేవారికి చౌక విమానం విలాసం కాదు, ఉపాధిలో భాగం. 2003లో షార్జాలో మొదలైన ఎయిర్ అరేబియా, 2005లో గల్ఫ్ ప్రయాణికుల కోసమే పుట్టిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వంటి సంస్థలు రాకపోయి ఉంటే, రెండేళ్ళకు ఒకసారి ఇంటికి వచ్చి పోయే కూలి తన సెలవు జీతంలో ఇంకా ఎంత భాగం టికెట్టుకు పోసేవాడో ఊహించవచ్చు. ఆ మేలును తక్కువ చేసి చూపడం చౌక సంస్థలను విమర్శించే నగరవాసులకు అలవాటు గాని, ఆ అలవాటు సరైనది కాదు. అయితే ఈ ప్రయాణికుడి టికెట్టును తరచు కొనేది ఏజెంటు. అందులో ఎన్ని కిలోలు ఉన్నాయి, తేదీ మార్చితే ఎంత కోత, రద్దు చేస్తే చేతికి ఏమి వస్తుంది అన్న షరతులు ఇంగ్లీషులో, సన్నని అక్షరాల్లో ఉంటాయి. ఏజెంటు చేతికిచ్చే కాగితంలో ఆ అక్షరాలు అసలే ఉండకపోవచ్చు. టికెట్టు మీద వేయి రూపాయలు మిగిలాయని సంతోషించిన మనిషి శంషాబాద్ విమానాశ్రయం కౌంటరులో అంతకు రెండింతలు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఫోనులో నిబంధనలు చదివి, సీటుకు డబ్బు కట్టకుండా తప్పించుకుని, లగేజీ ముందే ఆన్‌లైన్‌లో తక్కువకు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ టికెట్టు నిజంగా చౌక. ఈ విద్యలేవీ రానివాడికి అదే టికెట్టు ఖరీదు. పరిజ్ఞానం కూడా ఇక్కడ ఛార్జీలో ఒక భాగమే, అది రసీదులో మాత్రం కనిపించదు.

విమానం లోపలి సంగతులు కొద్దిగా చెబితే చాలు. ముందు సీటుకూ వెనుక సీటుకూ మధ్య దూరాన్ని ఒక సీటు మీది బిందువు నుంచి వెనుక సీటు మీది అదే బిందువుకు అంగుళాల్లో కొలుస్తారు. పాత విమానాల్లో 31, 32 అంగుళాలుండే ఆ దూరం చౌక సంస్థల్లో 28, 29కి దిగింది. పొడుగరి మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయి, గంట ప్రయాణంలో అది భరించరానిదేమీ కాదు. మంచినీళ్ళు ఉచితం. వేడినీళ్ళు పోసి మూతపెట్టి కొన్ని నిమిషాలు ఆగితే ఉప్మాగా మారే కాగితపు కప్పును బయటి ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనేవారూ ఉన్నారు, ఆ కప్పు వాసన తగిలాక తమ సంచిలోని పులిహోర పొట్లం విప్పేవారూ ఉన్నారు. ఎవరు తెలివైనవారో చెప్పనక్కరలేదు.

చిన్న పట్టణాలకు విమానం రావడానికి చౌక పద్ధతి ఒక్కటే చాలదని ఉడాన్ పథకం నిరూపించింది. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకు మించకుండా కొన్ని సీట్లు అమ్మితే, అందువల్ల వచ్చే నష్టాన్ని ప్రభుత్వం పూడ్చే ఈ పథకం కింద 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ సర్వీసుతో పాటే కడప–హైదరాబాద్ సర్వీసు ప్రారంభమైంది. 2021లో కర్నూలు సమీపాన ఓర్వకల్లు విమానాశ్రయానికీ సర్వీసులు వచ్చాయి. నష్టం పూడ్చే గడువు మూడేళ్ళు. ఆ గడువు తీరాక దేశంలో చాలా మార్గాలు ఆగిపోయాయి, కడప విమానాలు నడిపిన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2022లో మూతపడింది.

నిమిషాలు ఆదా చేసి బతికే పద్ధతికి నిమిషాలే శత్రువులు కూడా. ఉదయం ఢిల్లీ పొగమంచులో గంటన్నర ఆలస్యమైన విమానమే మధ్యాహ్నం హైదరాబాద్‌లో, సాయంత్రం తిరుపతిలో, రాత్రి మళ్ళీ హైదరాబాద్‌లో కనిపించవలసిన విమానం. మజిలీల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి లేదు కనుక పొద్దుటి మంచు రాత్రి తొమ్మిది గంటల ప్రయాణికుడి మీద కురుస్తుంది, తిరుపతిలో ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా సరే. విమానాలకే కాదు, మనుషులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పైలట్ల విశ్రాంతి వేళలు పెంచే కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాక, 2025 డిసెంబరు తొలి వారంలో దేశంలోని అతి పెద్ద విమాన సంస్థ చాలినంతమంది పైలట్లు లేక వేల సర్వీసులు రద్దు చేసింది; పెళ్ళిళ్ళకూ పరీక్షలకూ బయలుదేరినవారు పెట్టెల మీదే తలవాల్చి నిద్రపోయారు. నిబంధనలు చాలా ముందే ప్రకటించినవి కనుక దాన్ని ప్రకృతి వైపరీత్యం కింద జమకట్టడం కుదరదు.

ఇటువంటి వేళ ప్రయాణికుడికి ఉన్న హక్కులను డీజీసీఏ నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. రెండున్నర గంటల లోపు ప్రయాణంలో విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే ఫలహారం ఇవ్వాలి. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే మరో విమానంలో చోటో, పూర్తి డబ్బు వాపసో కోరుకోవచ్చు. ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి, గేటు దగ్గర ఎక్కనివ్వకపోతే, గంటలోపు ప్రత్యామ్నాయం చూపనప్పుడు పరిహారం చెల్లించాలి. ముందుగా తెలియజేయకుండా సర్వీసు రద్దు చేసి, కారణం తన అదుపులో ఉన్నదే అయినప్పుడు, గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల లోపైతే 7,500, అంతకు మించితే 10,000 పరిహారం అని వింటే బాగానే ఉంటుంది. ఆ వాక్యానికి తోక ఒకటి ఉంది: ఆ మొత్తమో, మూల ఛార్జీ, ఇంధన రుసుము కలిపిన మొత్తమో, రెండింటిలో ఏది తక్కువైతే అది. చౌకగా కొన్న టికెట్టుకు పరిహారం కూడా చౌకే అన్నమాట. 1,500 రూపాయల మూల ఛార్జీతో కొన్న ప్రయాణికుడి పోయిన పెళ్ళిముహూర్తం విలువ ఆ లెక్క ప్రకారం 1,500 రూపాయలు, దానికి తోడు కాస్త ఇంధనం.

ఈ హక్కులు కూడా అడిగినవారివే. ఆలస్యమైన విమానం గేటు దగ్గర ప్రకటన గట్టిగా వినిపిస్తుంది గాని, ఫలహారం ఇస్తున్న సంగతి కొన్నిసార్లు కౌంటరు దాకా వెళ్ళినవారికే తెలుస్తుంది. ఫోనులో నిబంధన తెరిచి చూపిన యువకుడు బోర్డింగ్ పాస్ మీద పెన్నుతో ఒక గీత గీయించుకుని, సాండ్‌విచ్చు, పళ్ళరసం డబ్బా తీసుకుని వస్తాడు. అదే వరుసలో రెండు కుర్చీల అవతల, దుబాయి విమానం అందుకోవడానికి ఊళ్ళో తెల్లవారుజామునే బస్సెక్కిన మనిషి, వాచీ చూసుకుంటూ, మంచినీళ్ళ కుళాయి దగ్గరికి మూడోసారి సీసా పట్టుకుని వెళతాడు.